ఆదికాండము 5లోని పది పేర్లు కలిపితే సువార్త వాక్యం వస్తుందా? హీబ్రూ పదాలు, సంఖ్యలు మీరెలా చదువుతారు?

సువర్ణ_కాకినాడ:
అందరికీ వందనాలు. మా సంఘంలో యౌవనస్థులకు శనివారం సాయంత్రం బైబిల్ స్టడీ నేనే చెప్తాను. ఇప్పుడు ఆదికాండము 5 దగ్గరికి వచ్చాం. సరిగ్గా ఇదే టైములో మా వాట్సాప్ గ్రూపులో ఆ పాత ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. ఆదాము నుంచి నోవహు దాకా పది పేర్లకు హీబ్రూ అర్థాలు రాసి, వరసగా చదివితే "మనిషికి నియమించబడింది చావు, దుఃఖం. కానీ స్తుతికి తగిన దేవుడు దిగివచ్చి, బోధించి, తన మరణంతో నిరాశలో ఉన్నవాళ్లకు ఆదరణ తెస్తాడు" అని వస్తుందట. పిల్లలందరూ "అక్కా, ఇదే చెప్పండి" అంటున్నారు.

నాకు హీబ్రూ రాదు. ఫోన్‌లో స్ట్రాంగ్స్ నంబర్లు (బైబిల్లోని ఒక్కో హీబ్రూ మాటకు ఇచ్చిన నంబర్లు) ఉన్న యాప్ ఉంది, అంతే. అందులో చూస్తే కొన్ని పేర్లకు కుదురుతోంది, కొన్నిటికి కుదరడం లేదు. దేవుని వాక్యం కదా, ఉన్నదే చెప్పాలి, లేనిది కలపకూడదు. హీబ్రూ చదివినవాళ్లు ఒక్కో పేరూ చూసి చెప్తారా? తర్వాత 7, 40, 666 గురించి కూడా అడుగుతారు. వాటి సంగతి కూడా రాయండి.

జక్కయ్య_గుంటూరు:
వందనాలమ్మా. నేను చాలా ఏళ్లుగా సంఖ్యల మీద వాక్యం చెప్తున్నాను. దేవుడు ఏదీ ఊరికే రాయించడు. 1 ఏకత్వం, 3 త్రిత్వం, 5 కృప, 6 మనిషి, 7 సంపూర్ణత, 8 కొత్త ఆరంభం, 12 పరిపాలన, 40 పరీక్ష. ఈ తాళంచెవి పట్టుకుంటే బైబిల్ తలుపులు తెరుచుకుంటాయి. పేర్ల విషయం కూడా అంతే. మెతూషెల అంటే "అతని మరణం పంపుతుంది" అని అర్థం. ఆయన చనిపోయిన ఏడాదే జలప్రళయం వచ్చింది, లెక్క వేసి చూసుకోండి. ఇది యాదృచ్ఛికం అంటారా? ధైర్యంగా చెప్పండి, పిల్లలకు విశ్వాసం బలపడుతుంది.

హీబ్రూ_బల్ల:
సువర్ణగారూ, సెమినరీలో హీబ్రూ చదివాను, ఇప్పుడు చిన్న తరగతి నడుపుతున్నాను. ఒక్కో పేరూ చూద్దాం.

ఆదాము అంటే మనిషి. సందేహం లేదు. షేతుకు "నియమించాడు" అన్న అర్థం హవ్వ నోటనే ఉంది (ఆది 4:25), అదీ సరే. ఎనోషు అన్నా మనిషే. కీర్తనల్లో ఆ మాట మనిషి బలహీనతను చెప్పే చోట్ల వస్తుంది కాబట్టి "మర్త్యుడు" అని లాగారు. దాన్ని కూడా ఒప్పుకోవచ్చు.

కేయినాను దగ్గర తేడా వస్తుంది. "దుఃఖం" అన్న అర్థం ఆ పేరుకు లేదు. హీబ్రూలో ఏడుపు పాటను "కీనా" అంటారు, శబ్దం దగ్గరగా ఉందని అక్కడి నుంచి తెచ్చారు. నిజానికి ఆ పేరు కయీను పేరుకు దగ్గర. మహలలేలు అంటే "దేవుని స్తుతి". స్తుతి, అంతే. "స్తుతికి తగిన దేవుడు" అని దేవుణ్ణి కర్తగా నిలబెట్టడం ఆ పేరులో లేదు. యెరెదులో "దిగు" అన్న ధాతువు కనిపిస్తుంది, సరే. హనోకులో "ప్రతిష్ఠించు, శిక్షణ ఇవ్వు" అన్న ధాతువు ఉంది. యూదుల హనుక్కా పండుగ పేరులో ఉన్నదీ అదే. లెమెకు పేరుకు హీబ్రూలో తెలిసిన ధాతువే లేదు, "నిరాశ" అన్నది ఎక్కడా లేదు. నోవహు అంటే విశ్రాంతి.

ఇక మెతూషెల. "మెతు" అన్నదాన్ని "మరణం" అనుకుంటున్నారు. అది "మనిషి" అనే పాత సెమిటిక్ మాట. దాని బహువచనం "మెతీమ్", అంటే మనుషులు, బైబిల్లో చాలా చోట్ల ఉంది. పక్క అధ్యాయంలోనే (ఆది 4:18) మెతూషాయేలు అనే ఇంకో పేరు ఉంది, అదీ ఇదే కట్టుబడి. "షెలహ్" అంటే విసిరే ఆయుధం. కాబట్టి "ఈటె పట్టినవాడు" అన్నది సహజమైన అర్థం.

పది పేర్లలో మూడు నాలుగు కుదిరాయి. మిగతావి వంచితే వంగినవి. ఆ వాక్యంలో "కానీ", "తో", "వాళ్లకు" అనే మాటలు ఏ పేరులోనూ లేవు, అవి రాసినవాళ్లు పెట్టుకున్నవి. వాక్యాన్ని వాక్యంగా చేసేవే ఆ మాటలు. కాబట్టి ఈ ఫార్వర్డ్ పాఠంగా చెప్పొద్దని నా సలహా.

జక్కయ్య_గుంటూరు:
అయ్యా, మెతూషెల లెక్కకు జవాబు చెప్పలేదు మీరు.

హీబ్రూ_బల్ల:
చెప్తాను జక్కయ్యగారూ, ఎందుకంటే అది నిజంగా వచనంలో ఉన్నది. మెతూషెల 187 ఏళ్లప్పుడు లెమెకును కన్నాడు. లెమెకు 182 ఏళ్లప్పుడు నోవహును కన్నాడు. నోవహుకు 600 ఏళ్లప్పుడు జలప్రళయం. 187, 182, 600 కలిపితే 969. మెతూషెల బతికింది సరిగ్గా 969. వచనం ఆ సంగతి ఎక్కడా నోరు విప్పి చెప్పదు, చదివేవాడు కూడుకుంటే తెలుస్తుంది. ఇది పిల్లల చేత బోర్డు మీద వేయించండి సువర్ణగారూ, కళ్లు మెరుస్తాయి.

అయితే ఇక్కడే ఇంకో సంగతి ఉంది. మన తెలుగు బైబిల్ సంఖ్యలు మసోరెటిక్ హీబ్రూ పాఠం నుంచి, అంటే యూదు లేఖకులు కాపాడుతూ వచ్చిన హీబ్రూ ప్రతి నుంచి వచ్చాయి. క్రీస్తుకు ముందే చేసిన గ్రీకు అనువాదం సెప్టువజింటులో ఆ సంఖ్యలు వేరు: 167, 188, 600. కలిపితే 955. అక్కడ కూడా మెతూషెల ఆయుష్షు 969 అనే ఉంది. అంటే జలప్రళయం తర్వాత 14 ఏళ్లు బతికినట్టు! ఓడలో ఎక్కింది ఎనిమిది మందే కదా, మరి ఈయన ఎక్కడున్నాడు అని తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుడు అగస్టీను కాలం నాటికే చర్చ జరిగింది. సమరయుల పంచకాండాలలో మూడో లెక్క: 67, 53, 600. మొత్తం 720, ఆయన ఆయుష్షూ 720. ఆ పాఠంలో యెరెదు, లెమెకు కూడా అదే ఏడాది చనిపోతారు.

మూడు పాఠాలు, మూడు లెక్కలు. రెండు పాఠాల్లో ఆయన మరణమూ జలప్రళయమూ ఒకే ఏట పడుతున్నాయి కాబట్టి ఆ ముడి పాతదే అనిపిస్తుంది. కానీ ఒక్క సంఖ్య మీద సిద్ధాంతం కట్టేముందు, ఆ సంఖ్య ఏ పాఠంలోదో అడగాలి.

సువర్ణ_కాకినాడ:
చాలా థాంక్స్ అండీ. మూడు పాఠాల సంగతి నాకు కొత్త. మరి నా యాప్‌లో లెమెకుకు అర్థం లేదు, కానీ కొన్ని మాటలకు ఇరవై ముప్పై అర్థాలు వస్తాయి. అన్నీ ఆ మాటలో ఉన్నట్టేనా? మా పాస్టర్‌గారు ప్రసంగంలో అన్నీ వరసగా చదువుతారు.

హీబ్రూ_బల్ల:
కాదు. ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. జేమ్స్ స్ట్రాంగ్ ఆ పదసూచిక 1890లో వేశాడు. ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో ఏ మాట ఎక్కడుందో వెతుక్కోవడానికి చేసిన పని అది. హీబ్రూ మాటలకు 8674 నంబర్లు ఇచ్చాడు. ప్రతి నంబరు చివర గీత తర్వాత వచ్చే జాబితా నిఘంటువు అర్థం కాదు, ఆ ఇంగ్లిష్ బైబిల్లో ఆ మాటను ఎన్ని రకాలుగా అనువదించారో ఆ చిట్టా. "నెఫెష్" అనే మాట తీయండి (నంబరు 5315). ఆ చిట్టాలో ఊపిరి, ఆశ, శరీరం, మనసు, చివరికి చేప కూడా ఉంటుంది. అంటే నెఫెష్‌కు చేప అని అర్థమా? యెషయాలో ఒక చోట అనువాదకులు అలా రాశారు, అంతే.

నెఫెష్ సంగతి కొంచెం ఆగి చూడాలి. కీర్తన 69 మొదట్లో మన బైబిల్లో "జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి" అని ఉంది. అక్కడ హీబ్రూలో "నీళ్లు నెఫెష్ దాకా వచ్చాయి" అని ఉంది. మునిగిపోయేవాడికి నీళ్లు ఎక్కడిదాకా వస్తే భయం? గొంతు దాకా. నెఫెష్‌కు ఉన్న పాత అర్థాల్లో గొంతు ఒకటి. ఊపిరి, తిండి, దాహం అన్నీ అక్కడి నుంచే కదా, అలా ప్రాణం అయింది. యోనా చేప కడుపులోంచి చేసిన ప్రార్థనలో కూడా ఇదే మాట, ఇవే నీళ్లు. పీకల దాకా వచ్చింది అంటామే, దావీదు మొర అలా వినబడుతుంది. అయితే ఈ "గొంతు"ను తీసుకెళ్లి ఆదికాండము 2:7లో పెట్టకూడదు. అక్కడ నరుడు బతికి ఉన్న ప్రాణి అయ్యాడు. ఒక మాటకు ఒక చోట ఉన్న అర్థం ఆ చోటుదే. 1961లో జేమ్స్ బార్ అనే స్కాట్లండ్ పండితుడు ఈ విషయం మీద పెద్ద పుస్తకమే రాశాడు: ధాతువు చూసి అర్థం చెప్పేయడం, అన్ని అర్థాలూ ఒకే వచనంలో కుమ్మరించడం, ఈ రెండూ చేయొద్దని.

లత_హైఫా:
అందరికీ షాలోమ్! మాది జగిత్యాల వైపు. ఇక్కడ హైఫాలో ఒక పెద్దావిడను చూసుకుంటున్నాను, ఇంట్లో అందరూ "సవ్తా" అంటారు, అంటే అమ్మమ్మ. నేను హీబ్రూ బడిలో నేర్చుకోలేదు, వంటింట్లో, మందుల షాపులో నేర్చుకున్నాను.

మెతూషెల గురించి నాకు తెలియదు గానీ అక్షరాలే అంకెలు అన్నది ఇక్కడ రోజూ కళ్ల ముందే ఉంటుంది. మా సవ్తా ఫ్రిజ్ మీద క్యాలెండర్ ఉంది, దానిలో యూదుల తేదీలన్నీ అక్షరాలే. ఆలెఫ్ 1, బేత్ 2, అలా యోద్ 10. 11కి యోద్, ఆలెఫ్. 15కి మాత్రం యోద్, హే రాయరు, టేత్, వావ్ రాస్తారు (9, 6). ఎందుకు సవ్తా అంటే యోద్, హే దేవుని నామంలో అక్షరాలు, తేదీ కోసం రాయకూడదు అంది. 16 కూడా అంతే, 9, 7 రాస్తారు. చెట్ల పండుగకు పేరే "టు బిష్వాత్", అంటే షెవాత్ నెల 15. ఆ "టు" అన్నది టేత్, వావ్.

పెళ్లికి డబ్బు పెడితే 18 లెక్కన పెడతారు, 180, 360 షెకెళ్లు అలా. "హై" అంటే జీవం, హేత్ 8, యోద్ 10.

ఇంకొకటి. యూట్యూబ్‌లో ఒకాయన యెహెజ్కేలు 1లో "హష్మల్" అని ఉంది, హష్మల్ అంటే కరెంటు, యెహెజ్కేలు కరెంటు చూశాడు అని చెప్తున్నాడు. నిజమే, మాకు కరెంటు బిల్లు మీద హష్మల్ అనే ఉంటుంది. మరి ఆ కాలంలోనే కరెంటు ఉందా?

హీబ్రూ_బల్ల:
లతగారూ, మంచి ప్రశ్న తెచ్చారు. దారి తిరగబడింది అక్కడ. యెహెజ్కేలు చూసిన మెరిసే వస్తువు "హష్మల్" ఏమిటో సరిగ్గా తెలియక సెప్టువజింటు అనువాదకులు దాన్ని గ్రీకులో "ఎలెక్ట్రోన్" అని రాశారు. ఆ గ్రీకు మాట నుంచే యూరప్ భాషల్లో ఎలక్ట్రిసిటీ పుట్టింది. 19వ శతాబ్దంలో హీబ్రూను మళ్లీ వాడుక భాషగా మలుస్తూ, కరెంటుకు మాట కావాల్సి వచ్చినప్పుడు ఆ దారినే వెనక్కి నడిచి "హష్మల్" తీసుకున్నారు. ఇవాళ్టి కరెంటు బిల్లు యెహెజ్కేలు నుంచి మాట అప్పు తెచ్చుకుంది, యెహెజ్కేలు కరెంటు చూడలేదు. మన తెలుగు బైబిల్ అక్కడ ఇత్తడి పోలిక వాడింది, అది నయం.

కోడ్_మాదాపూర్:
నేను సాఫ్ట్‌వేర్. ఆదికాండము 1:1 అక్షరాల విలువలు కూడితే 2701 వస్తుంది, నేనే స్క్రిప్ట్ రాసి చూశాను: 913, 203, 86, 401, 395, 407, 296. 2701 అంటే 37 ఇంటూ 73. 1 నుంచి 73 దాకా కూడినా 2701. పైగా హీబ్రూలో జ్ఞానం, "హొఖ్మా", విలువ 73. ఇదంతా మనిషి పని కాదనిపిస్తోంది. ఏమంటారు?

జక్కయ్య_గుంటూరు:
చూశారా! దేవునికి స్తోత్రం.

హీబ్రూ_బల్ల:
మీ కూడిక కరెక్టే బాబూ. ఆ వచనంలో 7 మాటలు, 28 అక్షరాలు ఉన్నాయన్నదీ నిజమే. రెండో వచనంలో 14 మాటలు. ఆది 1:1 నుంచి 2:3 దాకా "ఎలోహీమ్" (దేవుడు) 35 సార్లు, "భూమి" 21 సార్లు, "మంచిది" అన్న మాట 7 సార్లు. ఉంబెర్టో కస్సూతో అనే యూదు పండితుడు ఇవన్నీ లెక్కపెట్టి చూపించాడు. సృష్టి ఏడు రోజులు, కట్టుబడి కూడా ఏడుల మీదే. రాసినవాళ్లు మాటలు లెక్కపెట్టుకుని రాశారన్నది నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

కానీ మాటల్ని లెక్కపెట్టడం వేరు, అక్షరాలకు అంకెల విలువ ఇచ్చి కూడటం వేరు. బైబిల్ హీబ్రూ ప్రతుల్లో సంఖ్యలు అక్షరాలతో కాదు, పూర్తి మాటలతో రాసి ఉంటాయి. హీబ్రూ అక్షరాలను అంకెలుగా వాడారనడానికి ఆనవాళ్లు హస్మోనీయులనే యూదు రాజుల నాణేల కాలం నుంచి, అంటే క్రీస్తుకు ముందు దాదాపు ఒక వందేళ్ల నుంచి దొరుకుతున్నాయి.

రెండోది, స్పెల్లింగ్. దావీదు పేరు సమూయేలు గ్రంథాల్లో ఎక్కువ చోట్ల దాలెత్, వావ్, దాలెత్: 4, 6, 4, మొత్తం 14. దినవృత్తాంతముల్లో మధ్యలో ఒక యోద్ చేరుతుంది: మొత్తం 24. మనిషి ఒక్కడే, పేరు ఒక్కటే, సంఖ్య మారిపోయింది. 1947 నుంచి బయటపడిన మృత సముద్రపు చుట్టల్లో ఉన్న పెద్ద యెషయా చుట్టలో ఇలాంటి అదనపు అక్షరాలు చాలా ఎక్కువ. ఒక్క యోద్ పెరిగితే మీ కూడిక మొత్తం జరిగిపోతుంది.

కోడ్_మాదాపూర్:
అయితే మత్తయి 1:17లో పద్నాలుగు తరాలు మూడుసార్లు, అది దావీదు 14 కాదా?

హీబ్రూ_బల్ల:
అది నాకూ ఇష్టమైన చోటు. అయి ఉండవచ్చు. మత్తయి 14 కోసం పనిగట్టుకున్నాడన్నది ఖాయం. యెహోరాము తర్వాత అహజ్యా, యోవాషు, అమజ్యా ముగ్గురు రాజుల్ని వదిలేశాడు. అయినా చివరి గుంపులో కొత్త పేర్లు 13 వస్తాయి. "దావీదు కుమారుడు" అని మొదలుపెట్టినవాడు దావీదు అక్షరాలను మనసులో పెట్టుకున్నాడంటే నమ్మబుద్ధి అవుతుంది. కానీ మత్తయి ఆ మాట ఎక్కడా అనలేదు, గ్రీకులో రాశాడు. పిల్లలకు చెప్పేటప్పుడు "కావచ్చు" అన్న మాట వదలొద్దు.

మేళకర్త_65:
నేను ఈ ఫోరమ్‌లో సంగీతం విభాగంలో ఉంటాను, ఈ శీర్షిక చూసి వచ్చాను. మాది విజయవాడ, సంగీతం టీచరుని, హిందువుని. అక్షరాలకు అంకెలివ్వడం మనకూ ఉంది, కటపయాది. క 1, ఖ 2, అలా జ 8. మళ్లీ ట 1, ప 1, య 1. మేళకర్త రాగాలకు పేర్లే అలా పెట్టారు. ధీరశంకరాభరణంలో మొదటి రెండు అక్షరాలు ధ 9, ర 2. తిరగేస్తే 29, అదే ఆ మేళం నంబరు. మేచకల్యాణి మ 5, చ 6, తిరగేస్తే 65. ఇది పెట్టినవాళ్లు కావాలని పెట్టారు, అందుకే 72 రాగాల్లో ఎక్కడైనా పని చేస్తుంది. శంకరాభరణం ముందు "ధీర" తగిలించింది అందుకే.

ఇప్పుడు లతగారు చెప్పిన 18 చూడండి. కటపయాదిలో "జయ" అంటే జ 8, య 1, తిరగేస్తే 18. భారతానికి జయ అని పేరు, పర్వాలు 18. యూదులకు జీవం 18, మనకు జయం 18. రెండూ కలిసినంత మాత్రాన యెరూషలేముకూ కురుక్షేత్రానికీ ఏదో బంధం ఉందని చెప్పను కదా. ఒక పద్ధతి ప్రకారం పెట్టిన సంఖ్య ఏది, తర్వాత మనం వెతికి పట్టుకున్నది ఏది, అది చూడాలి.

జక్కయ్య_గుంటూరు:
టీచరుగారూ, మీరు చెప్పింది బాగుంది. నేను ఆలోచిస్తాను. కానీ యూదు రబ్బీలు కూడా ఈ లెక్కలు చేశారు కదా, వాళ్లకంటే మనకు తెలుసా?

హీబ్రూ_బల్ల:
చేశారు, చాలా ఆనందంగా చేశారు. ఆది 14:14లో అబ్రాము 318 మంది ఇంటి మనుషులతో లోతును విడిపించడానికి వెళ్లాడు. తల్ముదులో, అంటే యూదు రబ్బీల చర్చలున్న గ్రంథంలో, ఒక రబ్బీ, ఆ 318 మంది ఎవరో కాదు, దాసుడైన ఎలీయెజెరు ఒక్కడే అంటాడు. ఆ పేరు విలువ 1, 30, 10, 70, 7, 200: సరిగ్గా 318. అదే 318ని బర్నబా పత్రిక (బైబిల్లో చేరని తొలి క్రైస్తవ రచన) రాసిన క్రైస్తవుడు గ్రీకు అక్షరాల్లో చూశాడు: 18 అంటే యేసు పేరులోని మొదటి రెండు అక్షరాలు, 300 అంటే సిలువ ఆకారంలో ఉన్న "టౌ". ఒకే సంఖ్య, ఒకరికి ఎలీయెజెరు, ఇంకొకరికి సిలువ. ఇద్దరూ భక్తితోనే చదివారు. ఇద్దరి లెక్కలూ సరైనవే.

తల్ముదులో నాకు బాగా నచ్చినది ఇంకొకటి. ద్రాక్షారసం "యయిన్" 70, రహస్యం "సోద్" 70. ద్రాక్షారసం లోపలికి పోతే రహస్యం బయటికి వస్తుందట. రబ్బీలకు ఇది చాలాసార్లు వాక్యానికి అలంకారం, చెప్పదలచిన మాటను గుర్తుండేలా చెప్పే పద్ధతి.

కీర్తన 136 కూడా చూడండి జక్కయ్యగారూ, మీకు నచ్చుతుంది. "ఆయన కృప నిరంతరముండును" 26 సార్లు. యెహోవా నామం విలువ 10, 5, 6, 5: 26. కానీ తల్ముదులో రబ్బీ యెహోషువ బెన్ లేవీ ఆ 26కు చెప్పిన కారణం వేరు. సృష్టి నుంచి ధర్మశాస్త్రం ఇచ్చేదాకా 26 తరాలు గడిచాయి, ధర్మశాస్త్రం లేకపోయినా దేవుడు తన కృపతోనే వాళ్లను పోషించాడు అన్నాడు. ఆ వ్యాఖ్యానం చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

జక్కయ్య_గుంటూరు:
ఇది ఈ ఆదివారం చెప్తాను. రబ్బీ పేరు చెప్పే చెప్తాను. కానీ బాబూ, 5 అంటే కృప అన్నది కూడా లేదా? నేను చదివిన పుస్తకాల్లో ఉంది.

హీబ్రూ_బల్ల:
ఆ పట్టికలో చాలా భాగం 1894లో బుల్లింగర్ అనే ఇంగ్లండ్ పాదిరి సంఖ్యల మీద రాసిన పుస్తకం నుంచి మన దాకా వచ్చింది. 7, 12, 40 లకు బైబిల్లోనే బలం ఉంది, అవి మళ్లీ మళ్లీ వస్తాయి. 5కి అలాంటి బలం నాకు ఎక్కడా కనబడలేదు. 40 విషయంలో కూడా ఒకటి గమనించండి. వర్షం 40 రోజులు, మోషే కొండ మీద 40, వేగులవాళ్లు 40, ఏలీయా 40, న్యాయాధిపతుల్లో దేశం నెమ్మదిగా ఉన్నది 40 ఏళ్లు. చివరిది పరీక్ష కాదు, విశ్రాంతి. నీనెవెకు యోనా ఇచ్చిన గడువు హీబ్రూలో 40 రోజులు, సెప్టువజింటులో మూడు రోజులే.

సువర్ణ_కాకినాడ:
666 సంగతి? పిల్లలు బార్‌కోడ్, చిప్, ఆధార్ అని టెన్షన్ పడుతున్నారు. ఒకమ్మాయి నిజంగా భయపడి నన్ను అడిగింది.

హీబ్రూ_బల్ల:
ఆ అమ్మాయికి ముందు ఈ మాట చెప్పండి: ప్రకటన 13:18 "లెక్కించు" అని రాసింది ఆ ఉత్తరం అందుకున్న ఆసియా సంఘాలకు. వాళ్లు లెక్కించగలిగిన పేరే అయ్యుండాలి. "నెరోన్ కేసర్" అని హీబ్రూ అక్షరాల్లో రాయండి. నూన్ 50, రేష్ 200, వావ్ 6, నూన్ 50. ఖోఫ్ 100, సామెఖ్ 60, రేష్ 200. మొత్తం 666. లాటిన్ పద్ధతిలో చివరి నూన్ లేకుండా "నెరో" అంటే 50 తగ్గి 616. ఈజిప్టులో ఆక్సిరింకస్ దగ్గర దొరికిన ఒక పాత పపైరస్ ప్రతిలో నిజంగానే 616 ఉంది! రెండో శతాబ్దంలో ఐరేనియస్ అనే బిషప్ కూడా 616 ఉన్న ప్రతులు తెలుసంటూ, అది తప్పని రాశాడు. రెండు సంఖ్యలూ ఒకే పేరుకు రెండు స్పెల్లింగులుగా కుదరడం నాకు బలమైన ఆధారంగా కనిపిస్తుంది. రాబోయే కాలానికి కూడా వర్తిస్తుందని నమ్మేవాళ్లు నమ్మవచ్చు, నేను వాదించను. కానీ చిన్నపిల్లని ఆధార్ కార్డు చూసి భయపడేలా చేయడం అన్యాయం.

కోడ్_మాదాపూర్:
సార్, సంఖ్యాకాండములో 603,550 మంది యోధులు, కుటుంబాలతో కలిపితే ఇరవై లక్షలు దాటుతారు. అరణ్యంలో అంతమందా? దీనికీ హీబ్రూలో జవాబు ఉందా?

హీబ్రూ_బల్ల:
జవాబు అనను, ఒక దారి ఉంది. "వెయ్యి"కి హీబ్రూ మాట "ఎలెఫ్". ఆ మాటకే వంశం, దళం అన్న అర్థమూ ఉంది. గిద్యోను నా ఎలెఫ్ మనష్షేలో బలహీనమైనది అంటాడు, అక్కడ మన బైబిల్ "కుటుంబము" అని రాసింది. మీకా 5:2లో బేత్లెహేము గురించి చెప్పేటప్పుడు "యూదావారి కుటుంబములలో" అన్నదీ అదే మాట. కాబట్టి సంఖ్యాకాండములో కొన్ని చోట్ల వేలు కాదు, దళాలు అని చదవాలన్న పండితులు ఉన్నారు. చిక్కేమిటంటే, వచనంలో ఇచ్చిన మొత్తం కూడికలు వేలు అనుకుంటేనే సరిపోతాయి. ఇంకా తేలలేదు.

లత_హైఫా:
సువర్ణక్కా, మీ పిల్లలకు ఏడు గురించి నేనొకటి చెప్పనా? ఇక్కడ ఏడును "షెవా" అంటారు, వారాన్ని "షవూఅ" అంటారు. ప్రమాణం చేయడం కూడా అవే అక్షరాలు, "నిష్బా". మా సవ్తాను అడిగితే నీకు బేర్‌షెవా తెలియదా అంది. అది బస్సులో వెళ్లే ఊరు మాకు!

హీబ్రూ_బల్ల:
సువర్ణగారూ, మీ పాఠం దొరికింది. ఆదికాండము 21:28 నుంచి 31 తీయండి. అబ్రాహాము ఏడు గొర్రెపిల్లల్ని వేరుగా నిలబెడతాడు. అబీమెలెకు ఇవేమిటి అని అడుగుతాడు. ఈ బావి నేను తవ్వించానని సాక్ష్యం అంటాడు అబ్రాహాము. ఇద్దరూ ప్రమాణం చేసుకుంటారు, అందుకే ఆ ఊరు బెయేర్షెబా. షీన్, బేత్, అయిన్ మూడు అక్షరాలు. ఏడుకూ అవే, ప్రమాణానికీ అవే. బెయేర్ అంటే బావి. ఏడు అనే బావియా, ప్రమాణపు బావియా? కథ రెండింటినీ ఒకేసారి పట్టుకుంది, ఏడు గొర్రెపిల్లల్ని కళ్ల ముందు పెట్టి మరీ. ఇక్కడ కూడికలు అక్కర్లేదు, వేరే పాఠం చూడక్కర్లేదు. రాసినవాడు మన చెయ్యి పట్టుకుని చూపిస్తున్నాడు.

ఇంకోటి కావాలంటే యిర్మీయా 1:11, 12. బాదం చెట్టు కొమ్మ "షాకేద్", తన మాట నెరవేర్చడానికి మెలకువగా ఉన్న దేవుడు "షోకేద్". తెలుగులో చదివితే బాదానికీ దేవుని మెలకువకూ సంబంధం ఏమిటో అర్థం కాదు. అదే యిర్మీయా 25:26లో "షేషకు" అనే రాజ్యం వస్తుంది. ఆలెఫ్‌కు బదులు తావ్, బేత్‌కు బదులు షీన్, ఇలా అక్షరమాలను వెనక నుంచి మార్చి చదవండి. బేత్, బేత్, లామెద్, అంటే బాబెల్, షీన్, షీన్, కాఫ్ అవుతుంది. షేషకు అంటే బబులోనే. ఇదీ రాసినవాళ్లు పెట్టిన ముడే. మా తరగతిలో పిల్లలు దీన్ని చేత్తో రాసి విప్పుతారు.

జక్కయ్య_గుంటూరు:
షేషకు సంగతి ఇన్నేళ్లుగా నాకు ఎవరూ చెప్పలేదు. ఇది అద్భుతం బాబూ. నేను కూడా హీబ్రూ అక్షరాలు మొదలుపెడతాను. ఈ వయసులో ఎక్కడ నుంచి మొదలుపెట్టమంటారు?

హీబ్రూ_బల్ల:
మీ చేతిలో ఉన్న తెలుగు బైబిల్ నుంచే. కీర్తన 119 తీయండి. పైన ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని పేర్లు ఉంటాయి, 22 అక్షరాలు. ఒక్కో అక్షరం కింద ఎనిమిది వచనాలు, మొత్తం 176. హీబ్రూలో ఆ ఎనిమిది వచనాలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. రోజుకు ఒక అక్షరం, ఆ ఎనిమిది వచనాలు చదువుతూ ఆ అక్షరం రాయండి. తర్వాత కీర్తన 145కి రండి. అదీ అక్షరక్రమమే, కానీ మసోరెటిక్ పాఠంలో నూన్ వచనం ఒకటి లేదు. మృత సముద్రం దగ్గర కుమ్రానులో దొరికిన కీర్తనల చుట్టలో ఆ వచనం ఉంది. లేని అక్షరం ఎక్కడుందో మీరే వెతికి పట్టుకోండి, చెప్పను.

సువర్ణ_కాకినాడ:
శనివారానికి బెయేర్షెబా ఖాయం. మెతూషెల కూడిక బోర్డు మీద, మూడు పాఠాలూ పక్కపక్కనే. ఫార్వర్డ్ గురించి అడిగితే పై పోస్టులో పేర్ల జాబితా ప్రింట్ తీసి ఇస్తాను. లతా, ఆ మూడు అక్షరాలు సవ్తా చేత రాయించి ఫొటో పెట్టగలవా? పిల్లలకు చూపిస్తాను.

లత_హైఫా:
రాయించాను అక్కా, పెడుతున్నాను. చెయ్యి కొంచెం వణుకుతుంది ఆమెకి, అయినా షీన్ చాలా అందంగా వచ్చింది. మీ పిల్లలందరికీ షాలోమ్ చెప్పమంది.